ఆంటిమొనీ: పులుపును బట్టి మారిన మోతాదు

ఆంటిమొనీ మూలకం గుర్తు ఎస్‌బీ. అది 'స్టిబియం' అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. స్టిబియం అంటే మొదట్లో లోహం కాదు, కళ్లకు పెట్టుకునే నల్లటి పొడి. ఆ ఖనిజం ఆంటిమొనీ సల్ఫైడ్, తెలుగులో నీలాంజనం. సన్యాసులను (ఫ్రెంచిలో 'మోయిన్') చంపింది కాబట్టి 'ఆంటిమొనీ' అయిందన్న కథ చాలాచోట్ల కనిపిస్తుంది, దాన్ని నమ్మకండి. సుర్మా పేరుతో దొరికే పొడుల్లో చాలావాటిలో ఉండేది సీసం సల్ఫైడ్. రెండూ నల్లగా మెరుస్తాయి కాబట్టి కంటితో చూసి తేడా పట్టలేం.

17వ శతాబ్దపు యూరప్‌లో ఆంటిమొనీతో పోతపోసిన కప్పులు ఉండేవి. అందులో వైన్ పోసి రాత్రంతా ఉంచి పొద్దున్నే తాగించేవారు. వైన్‌లోని టార్టారిక్ ఆమ్లం లోహపు పైపొరను కొంచెం కరిగించుకుంటుంది, ఆ కరిగినదే వాంతి చేయిస్తుంది. చెడు రసాలు బయటికి పోతే రోగం పోతుందని అప్పటి వైద్యుల నమ్మకం. అసలు ప్రమాదం కప్పులో కాదు, కొలత లేకపోవడంలో ఉంది. వైన్ ఎక్కువ పుల్లగా ఉన్నా, ఎక్కువసేపు నిలవ ఉన్నా ఎక్కువ లోహం కరుగుతుంది. నిన్న వాంతితో సరిపోయిన గుక్క ఇవాళ ప్రాణం తీయవచ్చు.

1631లో జర్మన్ రసవాది మిన్‌జిక్ట్ వర్ణించిన టార్టర్ ఎమెటిక్ స్ఫటికాలుగా వచ్చే ఆంటిమొనీ లవణం కాబట్టి తూచి ఇవ్వడం కుదిరింది. పారిస్ వైద్యుల సంఘం 1566లో ఆంటిమొనీని నిషేధించి, సరిగ్గా నూరేళ్లకు ఆ నిషేధం ఎత్తేసింది. మధ్యలో, 1658లో, జబ్బుపడ్డ 14వ లూయీ ఆంటిమొనీ మందు తీసుకుని కోలుకున్నాడు.

టార్టర్ ఎమెటిక్‌లో ఉన్నది త్రిసంయోజక (సంయోజకత మూడు ఉన్న) ఆంటిమొనీ. ఇసుక ఈగ కాటుతో ఒంట్లో చేరే పరాన్నజీవి తెచ్చే జ్వరం కాలా అజార్‌కు దాన్ని సిరలోకి ఎక్కించేవారు. సూది పక్కకు జారి బొట్టు బయటపడితే అక్కడి కండ కుళ్లేది, గుండె లయ కూడా తప్పేది. 1920లలో కలకత్తాలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి చేసిన యూరియా స్టిబమైన్ పంచసంయోజకం (సంయోజకత ఐదు). ఇది శరీరం తట్టుకోగలిగిన మందు, లక్షల ప్రాణాలు నిలబెట్టిన మందు. పంచసంయోజక రూపం శరీరంలో త్రిసంయోజకంగా మారాకే పరాన్నజీవిని చంపుతుందని తర్వాత తేలింది.

ఆ తరువాతి తరం మందుల్లో మోతాదు రోజుకు కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు. ఆ లెక్క లవణానిది కాదు, అందులోని ఆంటిమొనీది. 50 కిలోల మనిషికి 1000 మిల్లీగ్రాములు కావాలి. మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములున్న సోడియం స్టిబోగ్లూకొనేట్ అయితే 10 మిల్లీలీటర్లు, 81 ఉన్న మెగ్లుమిన్ యాంటిమొనియేట్ అయితే 12 దాటుతుంది. దాదాపు నెల రోజుల కోర్సులో ఈసీజీ చూస్తూనే ఉండాలి. క్యూటీ వ్యవధి (ఈసీజీలో గుండె ఒక్కో కొట్టుకు విద్యుత్‌పరంగా తిరిగి సిద్ధమయ్యేదాకా పట్టే సమయం) బాగా సాగితే మందు ఆపాలి. పాంక్రియాస్ వాపు కూడా వస్తుంది.

తక్కువ మోతాదులు, సగంలో ఆపేసిన కోర్సులు పరాన్నజీవికి తట్టుకోవడం నేర్పాయి. 1990ల నాటికి ఉత్తర బీహార్‌లో ఈ మందు చాలామందిలో పనిచేయకుండా పోయింది. ఇప్పుడు అక్కడ వాడేది లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ బి అనే వేరే మందు, కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున ఒకే ఒక్క మోతాదు.