ముసలి గుర్రానికి కొత్త ఇల్లు: మధ్యలో ఆ మూడు నెలలు

గుర్రం పాతికేళ్లు బతుకుతుంది, బాగా చూసుకుంటే ముప్ఫై కూడా. రేసు గుర్రానికి పరుగు మాత్రం చాలాసార్లు అయిదారేళ్ల వయసుకే ముగిసిపోతుంది. మలక్‌పేట రేసుకోర్సులో పరిగెత్తిన గుర్రం ఆ తరవాత రైడింగ్ స్కూలుకో, అక్కణ్ణుంచి పెళ్లి ఊరేగింపులకో చేరడం హైదరాబాదులో వింతేమీ కాదు. పదిహేనేళ్లు దాటి, ఒక కాలు కుంటడం మొదలై, బ్యాండుమేళం ముందు నిలబెట్టడానికి కూడా పనికిరాదనుకున్న రోజున ముందు తగ్గేది దాని దాణా. రెస్క్యూ వాళ్ల చేతికి వచ్చేసరికి ఎముకలు లెక్కపెట్టేలా ఉంటుంది.

అక్కణ్ణుంచి దత్తత దాకా మధ్యలో ఉండేది ఫోస్టర్ ఇల్లు. కొత్త యజమాని దొరికేదాకా తలదాచుకునే చోటు అనుకుంటారుగానీ, ఆ గుర్రం ఏం నమలగలదో, ఎలా పడుకుంటుందో, దేనికి బెదురుతుందో తెలిసేది అక్కడే. ఫోస్టర్ చేసేవాళ్లు ఒక నోటుపుస్తకం పెట్టుకుని రోజూ నాలుగు ముక్కలు రాయకపోతే, దత్తత తీసుకున్నవాళ్లకి చేరేది ఫొటోలో అందంగా కనబడే ఒక తెలియని జంతువు.

ముందు కాగితాలు. యజమాని తనంతట తాను వదిలేస్తే, వదులుకుంటున్నానని సంతకం చేసిన పత్రం, గుర్రానికి నాలుగు వైపులా తీసిన ఫొటోలు, ముఖం మీద మచ్చ, సుడులు ఎక్కడెక్కడున్నాయో రాసిన కాగితం ఉండాలి. సుడుల్ని మనవాళ్లు అదృష్టం కోసం చూస్తారు, ఇక్కడవి ఆనవాలు కోసం. వీలైతే మెడ ఎడమవైపు మైక్రోచిప్ వేయించండి. పోలీసులు జంతుహింస కేసులో స్వాధీనం చేసుకున్న గుర్రమైతే లెక్క వేరు. అది కేసు సొత్తు. కోర్టు అనుమతితో సంరక్షణలో ఉంచుకోవచ్చు, ఆ ఖర్చు యజమాని మీద వేయడానికి జంతుహింస నిరోధక చట్టం కింద వచ్చిన 2017 నిబంధనల్లో దారి ఉంది. కేసు తేలకుండా దత్తత ఇస్తే మాత్రం చిక్కుల్లో పడేది మీరే. ఇంకోమాట, జాలిపడి డబ్బిచ్చి కొనడం నాకు నచ్చదు. ఆ డబ్బుతో అదే మనిషి మరో గుర్రాన్ని తెచ్చి అదే పనికి కట్టే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

ఇక తిండి. మంచివాళ్ల చేతుల్లోనే గుర్రాలు చచ్చిపోయేది ఇక్కడే. బక్కచిక్కిన గుర్రం కనబడగానే ఒకరు నానబెట్టిన ఉలవలు తెస్తారు, ఒకరు బెల్లం ముద్ద, మరొకరు డజను చపాతీలు. వారాల తరబడి పస్తులున్న శరీరం తన కొవ్వునీ కండనీ కరిగించుకుని బతుకుతూ ఉంటుంది. దాని మీద ఒక్కసారిగా పిండిపదార్థం, తీపి పడితే ఇన్సులిన్ ఎగసి, రక్తంలో ఉన్న కాస్త ఫాస్ఫరస్‌, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి లాక్కుపోతుంది. గుండె, ఊపిరి అదుపు తప్పుతాయి. ఇది జరిగేది మొదటి పూటే కాదు, మూడు నుంచి అయిదు రోజుల తరవాత. అందుకే "బాగా తినింది, లేచింది, హఠాత్తుగా పోయింది" అన్న మాట తరచూ వినబడుతుంది.

ముందు బరువు అంచనా వేయండి. కాటా అక్కర్లేదు, దర్జీ టేపు చాలు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతని దాంతోనే గుణించి, భుజం మొన నుంచి పిరుదు మొన దాకా ఉన్న పొడవుతో మళ్లీ గుణించి, 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. కొలతలన్నీ సెంటీమీటర్లలో. చుట్టుకొలత 150, పొడవు 140 అయితే 265 కిలోలు. ఒంటితీరుకి 1983లో హెన్నెకె అనే పరిశోధకుడు తయారుచేసిన 1 నుంచి 9 దాకా ఉండే కొలమానం ఉంది. వెన్నుపూస, పక్కటెముకలు, తుంటి ఎముక పొడుచుకొచ్చి, మీద కొవ్వన్నదే చేతికి తగలకపోతే అది 1. కంటితో చూసి సరిపెట్టుకోకండి. చేత్తో తడిమి చూడాలి. దట్టమైన బొచ్చు మోసం చేస్తుంది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణం పరిశోధకులు పస్తులున్న గుర్రాలకి రకరకాల మేత పెట్టి చూసి, ఎండు లూసర్న్ (అల్ఫాల్ఫా అని కూడా పిలిచే పప్పుజాతి పశుగ్రాసం) మేలని తేల్చారు. పిండిపదార్థం తక్కువ, ప్రొటీన్, ఫాస్ఫరస్‌, మెగ్నీషియం ఎక్కువ. దాదాపు 450 కిలోల గుర్రానికి మొదటి మూడు రోజులు నాలుగు గంటలకోసారి అర కిలో, రాత్రి కూడా. పైన లెక్కేసిన 265 కిలోల గుర్రానికైతే మూడు వందల గ్రాములు. నాలుగో రోజు నుంచి కొద్దికొద్దిగా పెంచుతూ, పూటలు తగ్గిస్తూ, ఆరో రోజుకి పెద్ద గుర్రానికి ఎనిమిది గంటలకోసారి రెండు కిలోల దాకా తేవాలి. పదో రోజు దాటాక తిన్నంత. ఉలవలు, బార్లీ, ఓట్స్ ఆ తరవాతెప్పుడో. ఒళ్లు మామూలుకి రావడానికి మూడు నుంచి అయిదు నెలలు పడుతుంది. తొందరపడితే వచ్చేది కడుపునొప్పి, లేదా గిట్టల్లో వాపు.

రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా కొత్తదాన్ని ఇంకో గుర్రం పక్కన కట్టకండి. బాల్చీ, పగ్గం, మాలీసు బ్రష్ అన్నీ వేరు. గ్లాండర్స్ అనే అంటురోగం ఒక్కటి చాలు ఈ మాట చెప్పడానికి. అది మనుషులకీ అంటుతుంది, టీకా లేదు, పాజిటివ్ అని తేలితే పశువుల అంటువ్యాధుల నివారణకి తెచ్చిన 2009 చట్టం కింద ఆ గుర్రాన్ని చంపి పూడ్చాల్సిందే. పశుసంవర్ధక శాఖ డాక్టరు తీసిన నమూనా హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి వెళ్తుంది. ముక్కులోంచి చిక్కటి చీమిడి, కాళ్ల మీద రసి కారే గడ్డలు కనబడితే చేతికి గ్లవ్స్ లేకుండా తాకొద్దు. వానాకాలం తరవాత వచ్చిన గుర్రానికి సర్రా పరీక్ష కూడా చేయించాలి. జోరీగలు మోసుకొచ్చే జబ్బు. జ్వరం వచ్చిపోతూ, పొట్ట కింద, కాళ్లకి నీరు దిగుతుంది. ధనుర్వాతం టీకా మొదటివారమే, అది గుర్రాన్ని పట్టుకున్నంత తేలిగ్గా మరే పశువునీ పట్టుకోదు. నులిపురుగుల మందుకి మాత్రం మూడు నాలుగు వారాలు ఆగండి, ముందు లద్దెలో గుడ్ల లెక్క చూపించండి. నీరసంగా ఉన్న పేగులో పురుగులన్నీ ఒకేసారి చస్తే అదో ఉపద్రవం.

ధర్మానికి ఆవునిస్తే పెరట్లోకి తీసుకెళ్లి పళ్లు లెక్కబెట్టిందని ఎత్తిపొడుస్తారు. ముసలి గుర్రం దగ్గర ఆవిడ చేసిందే సరైన పని. పై దవడ మూల పన్ను మీద నిలువుగా ఒక గీత పదేళ్ల వయసులో మొదలై, పదిహేనుకి సగం దాకా, ఇరవైకి చివరిదాకా దిగుతుంది. ఇటూ అటూ రెండు మూడేళ్లు తేడా ఉంటుంది, అమ్మేవాడి మాటకన్నా నయం. అసలు సంగతి వెనకపళ్లలో ఉంది. గుర్రం పన్ను ఏడాదికి రెండు మూడు మిల్లీమీటర్లు అరుగుతూ, అంతే మేర చిగురులోంచి పైకి వస్తూ ఉంటుంది. ఇరవై దాటాక పైకి రావడానికి ఇంక మిగలదు. పళ్లు ఎగుడుదిగుడై, నోట్లో ఒకచోట గోడ, పక్కన గుంట.

దీనికి పరికరాలేం అక్కర్లేదు, మేత వేసిన గంటకి గాడి కిందికి చూడండి. సగం నమిలిన గడ్డి ఉమ్మితో తడిసి, చుట్టల్లా చుట్టుకుని, వేలంత పొడవున నేలమీద పడి ఉంటుంది. ఒకటి రెండు కాదు, పదీ పదిహేను. గుర్రం తలని ఒక పక్కకి వంచి, నెమ్మదిగా నములుతూ, విసుగొచ్చి వదిలేస్తూ ఉంటుంది. లద్దె చిదిమితే నమలని ఓట్స్ గింజలు, వేలి పొడవు గడ్డిపోచలు. ఇలాంటి గుర్రానికి మేత ఎంత పోసినా లావెక్కదు. దంతవైద్యం తెలిసిన డాక్టరు వాడి మొనలకి ఆకురాయి పట్టిస్తాడు. ముసలి పళ్లని సమంగా చదును చేస్తానంటే ఒప్పుకోకండి, రుద్దడానికి మిగిలిన పన్నే కొంచెం. ఆ తరవాత గడ్డి బదులు లూసర్న్ గుళికలు, కిలోకి రెండు మూడు లీటర్ల నీళ్లు పోసి, గంటసేపు నానబెట్టి, గరిటెజారుగా అయ్యాక రోజుకి నాలుగైదు పూటలుగా పెట్టాలి. పొడిగా పెడితే గొంతులో అడ్డుపడుతుంది. ముక్కులోంచి మేత, చొంగ కారుతుంది. అప్పుడు తిండీ నీళ్లూ తీసేసి డాక్టరుని పిలవడమే. నోట్లో పైపు పెట్టి నీళ్లు కొట్టేవాళ్లని దగ్గరికి రానీయకండి, ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

మన దగ్గర మరో తిరకాసు. ఫామ్‌హౌస్‌లో చేతికందేది సూపర్ నేపియర్ గడ్డి, సంచిలో ఉండేది గోధుమ తవుడు. నేపియర్‌లో ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి, తవుడులో ఫాస్ఫరస్‌ మరీ ఎక్కువ. రెండూ కలిపి నెలల తరబడి పెడితే గుర్రం కాల్షియాన్ని తన ఎముకల్లోంచే తవ్వుకుంటుంది. నడకలో తేడా వస్తుంది, ముఖం ఎముకలు ఉబ్బుతాయి. లూసర్న్ ఉంటే కాల్షియం లోటు తీరుతుంది. వరిగడ్డిలో బలం లేదు, పళ్లు లేని గుర్రానికి పేగులో గడ్డకడుతుంది కూడా. కొలత చెప్పాలంటే, పొడి లెక్కన ఒంటి బరువులో నూటికి ఒకటిన్నర నుంచి రెండు వంతులు. 300 కిలోలకి నాలుగున్నర నుంచి ఆరు కిలోలు. పచ్చిగడ్డిలో ముప్పావు వంతు నీళ్లే కాబట్టి దానికి నాలుగింతలు వేసుకోవాలి.

గిట్టలు చూసే నాల్‌బంద్ ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి రావాలి. పని మానేసిన గుర్రానికి లాడాలు విప్పేయడమే మేలు. చెప్పులా పొడుగ్గా పెరిగిన గిట్టని ఒక్కరోజులో మామూలుకి కోసేయొద్దు, కీళ్లు ఆ వంపుకి అలవాటుపడి ఉంటాయి.

ముందుకాళ్ల చీలమండ ముందువైపు చూడండి. అక్కడ వెంట్రుకలు రాలి, చర్మం గీరుకుపోయి ఉంటే, అది చాలా సందర్భాల్లో నిద్రలేమి గుర్తు. గుర్రం నిలబడి కునుకు తీస్తుందిగానీ గాఢనిద్రకి రోజుకి అరగంటైనా పడుకోవాలి. కీళ్ల నొప్పులున్న ముసలిది పడుకుంటే లేవలేనన్న భయంతో నిలబడే ఉంటుంది. తెల్లవారుజామున కళ్లు మూతపడి, తల గాడి మీదికి వాలి, ముందుకాళ్లు మడతపడి ఒక్క కుదుపుతో ముందుకి తూలుతుంది. ఊక గానీ రంపపు పొట్టు గానీ జానెడు మందాన పరిచి, డాక్టరు రాసిన నొప్పిమందు వేసి, చీకట్లో తోడుగా మరో జంతువుని కనబడేలా ఉంచితే రెండు వారాల్లో తేడా తెలుస్తుంది. పొద్దున ఒంటి పక్కన ఊక అంటుకుని ఉందో లేదో నోటుపుస్తకంలో రాయండి.

ఎండాకాలంలో కూడా ఊలులా వేలాడే బొచ్చు రాలకపోతే కుషింగ్స్ అనే హార్మోన్ల జబ్బుని అనుమానించాలి. ఏసీటీహెచ్ అనే హార్మోనుకి రక్తపరీక్ష, జబ్బని తేలితే పెర్గోలైడ్ మాత్ర, జీవితాంతం. అలాంటి గుర్రానికి బెల్లం విషంతో సమానం.

దత్తతకి వచ్చేవాళ్లలో కొందరి మొదటి మాట "ముసలిదే కదండీ, పిల్లల్ని ఎక్కించుకోవచ్చుగా" అని. డాక్టరు నడిపించి చూసి సరేనంటే, జీనుతో కలిపి ఒంటి బరువులో అయిదో వంతు మించకూడదు. 300 కిలోల గుర్రానికి అరవై, ముసలిదానికి నలభై అయిదు దగ్గర ఆగడం మంచిది. ఈ లెక్క చెప్పగానే సగంమంది వెళ్లిపోతారు. వెళ్లనివ్వండి. తోడుకోసం అడిగేవాళ్లు, ఇప్పటికే ఒంటరిగా ఒక గుర్రమో గాడిదో ఉన్నవాళ్లు సరైనవాళ్లు.

వాళ్ల స్థలం చూడ్డానికి వెళ్తే కంచె దగ్గర మొదలెట్టండి. ముళ్లతీగ ఉంటే తీయించాల్సిందే. కంచె వెంట అందానికి నాటిన గన్నేరు ఉంటే అదీ, గుప్పెడు ఆకులు గుర్రం ప్రాణం తీస్తాయి. పక్కన కోళ్ల షెడ్డు ఉంటే దాణా సంచులు ఎక్కడ పెడతారో అడగండి. కోళ్ల దాణాలో కలిపే మోనెన్సిన్‌, సాలినోమైసిన్ లాంటి మందులు గుర్రం గుండెని ఆపేస్తాయి. బూజు పట్టిన మొక్కజొన్న మెదడుని తినేస్తుంది. గేదెల గోమార్లకి కొట్టే అమిట్రాజ్ గుర్రానికి వాడితే పేగు కదలిక ఆగిపోతుంది. ఈ నాలుగూ మన పాడి ఇళ్లలో ఉండేవే, ఎవరికీ చెడు ఉద్దేశం లేకుండానే ప్రాణం పోతుంది. కోస్తాలో ఉక్కపోతకి కొన్ని గుర్రాలు చెమట పట్టడం మానేస్తాయి. పొడి ఒళ్లు, ఎగరొప్పు కనబడితే థర్మామీటరు పెట్టండి. మామూలు 37.2 నుంచి 38.3, నలభై దాటితే వెంటనే చన్నీళ్లు పోయాలి.

ఒప్పందంలో అమ్మకూడదు, ఈనించకూడదు, కుదరకపోతే మనకే తిరిగివ్వాలి అన్నవి అందరూ రాస్తారు. రాయకుండా వదిలేసేది ఆఖరి నిర్ణయం. పడుకుంటే లేవలేని స్థితి వచ్చినప్పుడు మందిచ్చి పంపే నిర్ణయం ఎవరిది, అప్పటి ఖర్చు ఎవరిది, ఎక్కడ పూడుస్తారు? కుటుంబం అంతా కూర్చుని ఉండగానే ఇవి అడిగి రాయించుకోండి. ఆరోజు అడిగితే ఎవరికీ నోరు పెగలదు.

లారీ ఎక్కించే ముందు ప్రయాణానికి తగినట్టుందని డాక్టరు సర్టిఫికెట్, కనీసం పది రోజులకి సరిపడా అదే మేత, అదే బాల్చీ, నోటుపుస్తకం నకలు పంపండి. కొత్త మేతని పది రోజుల్లో మెల్లగా కలుపుకోమనండి. మొదటి రాత్రి లద్దె కుప్పలు లెక్కపెట్టమని చెప్పండి. ఆరోగ్యంగా ఉన్న గుర్రం రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు వేస్తుంది, ప్రయాణం చేసొచ్చింది కాస్త తక్కువే వేయొచ్చు. తెల్లారేసరికి ఒక్కటీ లేదంటే, మేత ముట్టకుండా పొట్ట వైపు తిరిగి తిరిగి చూస్తోందంటే, మధ్యాహ్నం దాకా చూద్దామని ఆగకుండా డాక్టరుకి ఫోన్ చేయాలి.