నెల్లిమర్ల ట్రంకుపెట్టెలు: ఆరో నెల

జూట్ మిల్లు వాళ్ల ఇళ్లలో పాత కాగితాలకు ఫోటోలు తీసే పనిలో మొన్న ఆదివారంతో పదిహేడు ఇళ్లయ్యాయి. మొదలుపెట్టినప్పుడు నెలకు పది ఇళ్లు లాగించేద్దామనుకున్నాను. రెండో ఇంట్లోనే తెలిసొచ్చింది. పెట్టె దించి దుమ్ము దులపడానికి అరగంట, అందులో ఒక్కో కాగితం గురించి మాట్లాడుకోవడానికి మూడు గంటలు పడుతుంది.

నేను చేసేది చిన్న పనే. విజయనగరం కాంప్లెక్స్‌లో బస్సెక్కి నెల్లిమర్ల వెళ్తాను. జూట్ మిల్లులో పనిచేసినవాళ్ల ఇళ్లలో మిగిలిన కాగితాలకు ఫోటోలు తీస్తాను. పే స్లిప్పులు, ఈఎస్ఐ కార్డులు, యూనియన్ చందా రసీదులు, ఉత్తరాలు, కిరాణా కొట్టు ఖాతా పుస్తకాలు, ఏవైనా సరే. మిల్లు గురించి అచ్చులో ఏముందని వెతికితే సమ్మెలు, లాకౌట్లు, 1994 నాటి కాల్పులు దొరుకుతాయి. అవి ఉండాల్సినవే. కానీ సి షిఫ్టు దిగి తెల్లవారి ఇంటికొచ్చినాయన ఏం తిని పడుకున్నాడో, జీతం రోజున ఎవరి బాకీ ముందు తీర్చాడో వాటిలో ఉండదు.

జనపనార మీదే బతికిన ఊరు స్కాట్లండులో ఒకటుంది, డండీ. బెంగాల్ నార అంత దూరం వెళ్తే, తిమింగలం నూనెతో మెత్తపరిచి నేసేవారు. ఆ కంపెనీల లెడ్జర్లు అక్కడి యూనివర్సిటీ ఆర్కైవ్‌లో భద్రంగా ఉన్నాయి. వెర్డంట్ వర్క్స్ అనే పాత మిల్లు ఇప్పుడు మ్యూజియం. ఆ మిల్లుల్లో ఆడవాళ్లే ఎక్కువ. పని దొరక్క ఇంటి పట్టున ఉండే మగవాళ్లను ‘కెటిల్ కాచేవాళ్లు’ అని ఎగతాళి చేసేవారట. ఈ సంగతి ఒక మామ్మకి చెబితే, “ఆళ్లు కెటిలయినా కాసీవోరు బాబూ, మా ఇంట్లో అదీ నేదు” అంది. పక్క మంచం మీద తాతగారు గోడ వైపు తిరిగి పడుకున్నారు.

సామాను గురించి చాలామంది అడుగుతున్నారు. ఫోన్ ఒకటి, అడుగు స్కేలు ఒకటి, పాత గొడుగు గుడ్డ ఒకటి, అంతే. నల్లగుడ్డ పరిచి, కాగితం పక్కన స్కేలు పెట్టి, కిటికీ దగ్గర ఫ్లాష్ లేకుండా తీస్తాను. మధ్యాహ్నం పన్నెండు దాటితే రేకుల ఇళ్లలో వెలుగూ ఉండదు, ఓపికా ఉండదు. తుప్పు పట్టిన గుండుసూదిని లాగకూడదు, కాగితాన్ని కింద నుంచి పట్టుకుని మెల్లగా జరపాలి. చిరిగిన చోట సెల్లో టేపు వద్దు. లామినేషన్ అసలే వద్దు. ‘భద్రంగా ఉంటుందని’ లామినేట్ చేయించిన సర్వీస్ సర్టిఫికెట్ ఒకటి లోపల గోధుమరంగుకు తిరిగిపోయింది, ఇక దాన్ని విడదీయలేం. ప్లాస్టిక్ కవర్లో పెడితే మన వైపు ఉక్కకు చెమట పడుతుంది, ఉతికిన నూలుగుడ్డే నయం. కలరా ఉండలు పెట్టెలో ఒక మూల వేయొచ్చు, కాగితాలకు తగలకూడదు. ఒక్క కాగితం కూడా ఇంటికి తెచ్చుకోను. పీఎఫ్ నంబర్లు, వేలిముద్రలు ఎవరికైనా చూపించాల్సొస్తే కప్పేస్తాను.

గాజు ఫ్రేముకు అంటుకుపోయిన ఫోటోను మాత్రం మూడో ఇంట్లో ఊడదీయబోయాను. నుదురు గాజుకే ఉండిపోయింది. ఇంటివాళ్లు పోనీలే అన్నారు గానీ నాకు వారం పాటు నిద్ర సరిగా పట్టలేదు. ఇప్పుడు గాజు పైనుంచే కాస్త వాలుగా తీస్తున్నాను.

తేదీ లేని కాగితాల వయసు కట్టడం భలే సరదాగా ఉంది. లెక్క రూపాయలు, అణాలు, పైసల్లో ఉంటే బహుశా 1957 ఏప్రిల్‌కి ముందుది. బహుశా ఎందుకంటే, చేతిరాత పద్దుల్లో బేడలూ అణాలూ ఆ తర్వాత కూడా కనిపిస్తున్నాయి. అలవాటు చట్టం మాట వెంటనే వింటుందా? ‘నయాపైసలు’ అని అచ్చయి ఉంటే 1957, 1964 మధ్యది. చిరునామాలో పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతిది. విజయనగరం జిల్లా అని ఉంటే 1979 జూన్ 1 తర్వాతిది, ఎందుకంటే అంతకుముందు ఆ జిల్లానే లేదు.

ఇక నా పెద్ద తప్పు. మొదటి తొమ్మిది ఇళ్లలో కాగితాల ముందువైపే తీశాను. పదో ఇంట్లో ఫ్యాను గాలికి ఒక పే స్లిప్పు తిరగబడింది. వెనక పెన్సిల్‌తో ఉల్లిపాయలు, కిరసనాయిలు, చిన్నదాని జాకెట్టు గుడ్డ, ‘సిరిమానుకి చుట్టాలు ఆరుగురు’ అని ఉంది. దసరా తర్వాత మంగళవారం పైడితల్లి జాతర, ఇంటి నిండా జనం. ముందువైపు మిల్లు రాసిన జీతం, వెనకవైపు అది ఎటు పోయిందో. నేను వచ్చిందే ఈ వెనకవైపు కోసం, అదే వదిలేశాను.

మళ్లీ మొదటి ఇంటి నుంచి తిరగడం మొదలుపెట్టాను. అయిదు ఇళ్లు పూర్తయ్యాయి. ఒక ఇంట్లో సంక్రాంతికి సున్నాలేస్తూ ఆ కట్టంతా భోగిమంటలో వేసేశారు. “నువ్వు ఫొటోలు తీసీసుకున్నావు కదా అని” అన్నారు. ఏం చెప్పను? ఇప్పుడు ఫైలు పేరులోనే ఇంటి నంబరు, కాగితం నంబరు, ‘ము’ లేదా ‘వె’ అని పెడుతున్నాను. ప్రతి ‘ము’కీ ఒక ‘వె’ లేకపోతే ఆ ఇల్లు పూర్తయినట్టు కాదు. ఒక కాపీ నా హార్డ్ డిస్క్‌లో, ఇంకోటి శ్రీకాకుళంలో మా బావ దగ్గర.

మొన్నటి పదిహేడో ఇంట్లో ఒక పాత క్యాలెండర్ షీటు దొరికింది. వెనకంతా నిలువు గీతలు, మధ్య మధ్యలో సున్నాలు. యూనియన్ వాళ్ల లెక్క అనుకున్నాను. మామ్మని అడిగితే నవ్వింది. ఆవిడకు చదువు రాదు. గీతలు పాల లెక్క. మరి సున్నాలు?

“మీ తాత అప్పుడు బద్లీ కదా. గేటు కాడికెళ్లి, పేరు పిలవకపోతే వచ్చీసీవోరు. ఆ రోజు పాలు తీసుకునీదాన్ని కాదు.”

బద్లీ అంటే పనికి రానివాళ్ల బదులు ఆ రోజుకి పిలిచే మనిషి. మిల్లు హాజరు పుస్తకంలో ఆయన పని చేసిన రోజులు పడి ఉంటాయి. అన్నం క్యారేజీతో వెళ్లి, అదే క్యారేజీతో తిరిగొచ్చిన రోజులు ఈ షీటు మీద ఉన్నాయి. ఒక్క నెలలో పదకొండు సున్నాలు లెక్కపెట్టాను. మామ్మ మళ్లీ లెక్కపెట్టి పన్నెండంది. ఒకటి చెద తినేసిన చోట ఉందట.

అలాంటి షీట్లు అటక మీద ఇంకా ఉన్నాయంది. వచ్చే ఆదివారం నిచ్చెన తెమ్మంది.