చెరకు తోటల్లో నల్లరాళ్ల గుట్టలు

మారిషస్ వెళ్లొచ్చి నెల దాటింది. ఫొటోలు చూసినవాళ్లంతా సముద్రం గురించే అడుగుతున్నారు. బాగానే ఉంది. కాకినాడలో పుట్టి పెరిగినదాన్ని, సముద్రం కోసం అంత దూరం పోవాలా అని నాకు మొదటినుంచీ అనుమానమే. కాకపోతే అక్కడ కెరటం మీద పడదు. పగడపు దిబ్బలు అల్లంత దూరంలోనే ఆపేస్తాయి. ఒడ్డున నీళ్లు చెరువులా ఉంటాయి.

మేం దిగింది ఫ్లిక్ ఎన్ ఫ్లాక్‌లో, ఒడ్డునే ఉన్న రిసార్టులో. టిఫినూ రాత్రి భోజనమూ ప్యాకేజీలోవే, మధ్యాహ్నం మాత్రం మన ఖర్చు. వాళ్ల రూపాయి మనకి దాదాపు రెండు రూపాయలు. మెనూలో అంకె చూసి సరేలే అనుకోవడం, రెండుతో గుణించి కుర్చీలోంచి లేవడం, రెండ్రోజులూ ఇదే పని. మూడోరోజు బయట బండి దగ్గర ధోల్ పూరీ తిన్నాం. పప్పు పెట్టి వత్తిన పల్చటి రొట్టె, బీన్స్ కూరతో జంటగా చుట్టి ఇస్తారు. బెల్లం వెయ్యడం మర్చిపోయిన బొబ్బట్టు అనుకోండి. అంత డబ్బు పోసిన బఫేలో దొరకని రుచి అక్కడ దొరికింది.

మావారికి అగ్నిపర్వతం పిచ్చి. ఈ ద్వీపమంతా లావాలోంచి పుట్టిందే కదా అని షమరెల్‌లో ఏడు రంగుల మట్టి చూపించారు. లావా రాయి కుళ్లి మట్టయి, అందులో మిగిలిన ఇనుమూ అల్యూమినియమూ వల్ల ఆ రంగులట. టికెట్టు కొని, కంచె ఇవతల నిలబడి, ఇరవై నిమిషాల్లో చూసేశాం. ఆ మట్టినే గాజు గొట్టాల్లో అమ్ముతుంటే ఒకటి కొన్నారు. ఇప్పుడది మా టీవీ పక్కన రంగు ముగ్గుపొడిలా ఉంది.

అసలు అగ్నిపర్వత బిలం క్యూర్‌పీప్ ఊళ్లో ఉంది, పేరు ట్రూ ఓ సెర్ఫ్. కింద ఎండ మాడ్చేస్తుంటే పైన చలి, తుంపర. గొడుగు రిసార్టులోనే ఉండిపోయింది. తొంగి చూస్తే గొయ్యి నిండా చెట్లు, అడుగున కాసిని నీళ్లు. నిప్పులు కక్కేది పక్కనున్న రీయూనియన్ ద్వీపంలోదట! మన రాజమండ్రి వైపు క్వారీ గోతులే ఇంతకంటే భయపెడతాయి అన్నాను. మావారు అరగంట మాట్లాడలేదు.

తడిసిన బట్టలతో క్వాత్ర్ బోర్న్ దగ్గర ఫ్లిక్ ఎన్ ఫ్లాక్ బస్సెక్కాం. ఇద్దరికీ చెరో సీటు దొరికింది. దారంతా చెరకు. ఆ పచ్చదనం మధ్యలో అక్కడక్కడా నల్లరాళ్ల గుట్టలు, ఎవరో పేర్చినట్టు. అవేమిటని పక్కన కూర్చున్న పెద్దావిడని ఇంగ్లీషులో అడిగాను. ఆవిడ అక్కడివాళ్ల వాడుక భాష క్రియోల్‌లో ఏదో చెప్పి, రెండు చేతులతో బరువెత్తి పడేస్తున్నట్టు చూపించింది. ముందు సీట్లోని కాలేజీ కుర్రాడు తిరిగి ఇంగ్లీషులో చెప్పాడు. చెరకు వెయ్యాలంటే లావా రాళ్లు ఏరాలి. పూర్వం కూలీలు చేతుల్తో ఏరి పోసినవే ఆ గుట్టలు. రాయి తిరగేస్తే బంగారం దొరుకుతుందని చెప్పి మనవాళ్లని ఓడెక్కించారని అక్కడ చెప్పుకుంటారట.

నేను వెనక్కి తిరిగి మావారితో ఆ సంగతి చెప్తుంటే ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. "తెలిగూ?" అంది. అవునన్నాను. "సిమ్మాద్రప్పన్న" అంది. కాస్త ఆగి, "అమ్మోరు" అంది. ఆవిడ దగ్గరున్న తెలుగు అంతే. నాకు క్రియోల్ రాదు. కాకినాడ అంటే ఆవిడకి తెలియలేదు. తెలుగువాళ్లని పూర్వం ఇక్కడ కోరింగీలనేవాళ్లని కుర్రాడు చెప్పాడు.

కోరింగి మా ఇంటికి ఇరవై కిలోమీటర్లు లేదు. చుట్టాలొస్తే మడ అడవి చూపించి, పడవ ఎక్కించి, బజ్జీలు తిని వచ్చేస్తాం. అక్కడ ఒకప్పుడు రేవుండేదని బళ్లో చదివాను. ఎవరెక్కారో, ఎక్కడ దిగారో ఎన్నడూ ఆలోచించలేదు. ఆవిడ స్టాపు రాగానే సంచి సర్దుకుని, చెయ్యి ఊపి దిగిపోయింది. పేరైనా అడగలేదు.

మర్నాడు బోటు షికారు మానేసి పోర్ట్ లూయిస్‌లో ఆప్రవాసీ ఘాట్‌కి వెళ్లాం. బోటు డబ్బులు తిరిగివ్వరని మావారు సణుగుతూనే వచ్చారు. 1834 నుంచి కూలీలు దిగిన చోటది. ఇక్కడ ప్రవేశం ఉచితం, రెండుతో గుణించే పని పడలేదు. రేవు నుంచి పైకి నల్లరాతి మెట్లు. మావారు లెక్కపెట్టారు, పదహారు.