డేగ ఈక కట్టిన గాలం

మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు నిండేసరికి వాడి తెలుగు వంటింటి గడప దాటడం మానేసింది. అన్నం, నీళ్ళు, స్నానం, నిద్ర, ఇంకా కొన్ని మాటలు. నేను తెలుగులో అడిగితే వాడు కొరియన్‌లో జవాబు చెప్పేవాడు. వాడు పుట్టింది దక్షిణ కొరియాలోని సువాన్‌లో, చదివేది ఇక్కడి పిల్లలతో. కలలు కూడా ఆ భాషలోనే వస్తాయని ఒకరోజు తానే చెప్పాడు. ప్రతి ఆదివారం వాచకం తెరిచి కూర్చోబెట్టేదాన్ని. అక్షరాలు వచ్చాయి, గుణింతాలు వచ్చాయి. కానీ ఆ భాషలో చెప్పుకోవలసిన సంగతి వాడికి ఒక్కటీ లేదు. అది నాకు అర్థమైంది ఒక పెద్దాయన పుణ్యాన.

ఆయన మా అపార్టుమెంట్ల ఆవరణలోనే ఉంటారు. డెబ్బై దాటాయి. పిల్లలందరికీ ఆయన హరాబోజీ, అంటే తాతయ్య. వేసవి సాయంత్రాలు చెట్ల కింద మండపంలో గాలాన్ని కదలకుండా పట్టి ఉంచే చిన్న వైసు బిగించుకుని, చిటికెన వేలి గోరంత గాలానికి ఈకలు, జింక వెంట్రుకలు దారంతో చుడుతూ కూర్చుంటారు. చుట్టడం పూర్తయ్యాక అది అచ్చం నీటి మీద వాలిన పురుగులా ఉంటుంది. దాన్నే ఫ్లై అంటారు. గాలం మొన దగ్గర ఉండే ఎదురు ముల్లును మాత్రం ముందే పట్టకారుతో నొక్కేస్తారు, చేప నోరు చీరకుండా. మా వాడు నెల రోజుల పాటు ఆయన పక్కన నిలబడి చూశాడు. ఆ తరువాత నా దగ్గరికి వచ్చి, ఏటికి వెళ్దామని అడిగాడు. వాడు నన్ను అలా ఏదైనా కావాలని అడగడం అరుదు.

నేను కోనసీమలో, గోదావరి పాయ పక్కన పెరిగాను. మా నాన్న వెదురు కర్రకు దారం కట్టి, జీలుగు బెండు వేసి, వానపామును గుచ్చి రేవులో కూర్చునేవారు. ఆ గాలంలో బరువంతా కొసన ఉంటుంది, అదే దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై అలా కాదు. ఊదితే ఎగిరిపోతుంది. అందుకని బరువును దారంలోనే పెట్టారు. కర్రను వెనక్కి తీసి, దారం వెనక పూర్తిగా చాచుకునే దాకా ఆగి, అప్పుడు ముందుకు వేయాలి. ఆ ఆగడమే అసలు విద్య. నాకు మూడు వారాలు పట్టింది. మా వాడికి రెండు రోజులు.

మొదటి వేసవి అంతా యాంగ్‌ప్యోంగ్ వైపు, దక్షిణ హాన్ నదిలో కలిసే వాగుల్లో పిరామి పట్టాం. బెత్తెడు చేప. కొరియాలో ఎవరినైనా లెక్కలోకి రానివాడని చెప్పాలంటే ఈ చేప పేరే వాడతారు. కానీ వేసవిలో మగ పిరామి ఒంటి మీద నీలం, ఆకుపచ్చ, గులాబీ పట్టీలు తేలతాయి. ఆ రంగులు అరచేతిలో తడిగా మెరుస్తుంటే లెక్కలోకి రానిదని ఎవరు అనగలరు? వాగు మధ్యలో కొందరు పెద్దవాళ్ళు నడుము లోతు నీళ్ళలో నిలబడి, జానెడు చట్రం లాంటి కర్రకు దారం చుడుతూ వదులుతూ ఉండేవారు. అది క్యోంజి, ఈ దేశపు పాత పద్ధతి. మమ్మల్ని చూసి తలలు వంచి పలకరించేవారు.

మాటల లోటు ఆ వాగులోనే బయటపడింది. మా వాడు రాళ్ళ మీద గలగలమంటూ పరుగెత్తే నీటిని చూపించి "యౌల్" అన్నాడు. తెలుగులో ఏమంటారని అడిగాడు. నాకు తట్టలేదు. నది గురించి ఎన్నో మాటలు తెలుసనుకున్న నాకు ఆ ఒక్క మాట లేదు. మడుగు తెలుసు, సుడి తెలుసు, పాయ, లంక, రేవు, ఒరవడి తెలుసు. అక్కడే ఒడ్డున కూర్చుని నాన్నకు ఫోను చేశాను.

"రాళ్ళ మీద పరుగెత్తే నీళ్ళు మనకెక్కడివమ్మా? మన దగ్గరికి వచ్చేసరికి గోదావరి నడుస్తుంది" అన్నారు. కాసేపు ఆలోచించి, "పరవళ్ళు అనండి" అన్నారు.

ఆ రోజు నుంచి మా ఇద్దరికీ అవి పరవళ్ళు. రాయి తిరగేస్తే అడుగున మూడు తోకల పురుగు కనిపించింది. కొరియన్‌లో దాన్ని హరుసరి అంటారు, ఒక్కరోజు బతికేది అని. నిజానికి నీటి అడుగున నెలల తరబడి పెరిగి, రెక్కలు వచ్చాక మాత్రమే ఒకటి రెండు రోజులుంటుంది. నేను ఉసిళ్ళ లాంటిదని చెప్పాను. ఫోనులో నాన్న ఒప్పుకోలేదు. ఉసిళ్ళు పుట్టలోంచి వస్తాయి, నీళ్ళలోంచి కాదు అన్నారు. మనవడికి తప్పు మాట నేర్పవద్దని నన్ను మందలించారు కూడా. ఆ మందలింపు నాకెంత బాగుందో చెప్పలేను. ఎన్నో ఏళ్ళుగా మా ఫోనులో ఆరోగ్యం, వాతావరణం, ఎప్పుడు వస్తారు, ఇంతే ఉండేది.

తరువాత ఈకల సంగతి వచ్చింది. హరాబోజీ మా వాడికి ఒక కోడి మెడ తోలు ఇచ్చారు, ఈకలతో సహా. మంచి ఫ్లైకి పుంజు మెడ ఈకలే కావాలి. సన్నగా, బిరుసుగా ఉండి నీటి మీద తేలతాయి. వీడియోలో దాన్ని చూడగానే నాన్న కుర్చీలో ముందుకు జరిగారు. "అది డేగ" అన్నారు. గోదావరి జిల్లాల్లో పుంజును రంగును బట్టే పిలుస్తారు. ఎర్రది డేగ, నల్లది కాకి, తెల్లది సేతు. నాన్న ఏనాడూ పుంజుకు కత్తి కట్టలేదు, కానీ ఆ రంగుల లెక్క ఆయనకు కొట్టిన పిండి. గంటసేపు చెప్పారు. మా వాడు నోటు పుస్తకంలో తెలుగు అక్షరాలతో రాసుకున్నాడు, నేను చెప్పకుండానే. కాకి అన్న మాటకు దీర్ఘం మరిచిపోయాడు. దిద్దలేదు.

ఈ అక్టోబరులో హరాబోజీ మమ్మల్ని గాంగ్వాన్ ప్రాంతంలోని ప్యోంగ్‌చాంగ్‌కు, గిహ్వా ఏటికి తీసుకెళ్ళారు. సున్నపురాతి కొండల్లోంచి ఊటలు పుట్టి ఆ ఏరు ఎండాకాలంలోనూ చల్లగా ఉంటుంది, కిందికి పోయి డోంగ్ నదిలో కలుస్తుంది. ఆ చల్లదనం వల్లే 1965లో అమెరికా నుంచి రెయిన్‌బో ట్రౌట్ అనే చేప గుడ్లు తెచ్చి ప్యోంగ్‌చాంగ్‌లో పెంపకం మొదలుపెట్టారు. చెరువుల్లోంచి తప్పించుకున్నవి ఏట్లో చేరాయి. ఇప్పుడు హోటలు బోర్డు మీద సోంగో అని రాసి ఉంటే అది ఈ చేపే. కానీ ఆ పేరు అసలు వేరే చేపది. కొరియా తూర్పు సముద్రంలో కలిసే ఏళ్ళలో పుట్టి, సముద్రానికి పోయి పెద్దదై తిరిగి వచ్చేది సోంగో. అదే జాతిలో సముద్రానికి పోకుండా ఏట్లోనే ఉండిపోయేది సాన్‌చోనో. ఒకే తల్లి పిల్లలకు రెండు పేర్లు.

తిరుగు ప్రయాణంలో, కారు వెనక సీటులోంచి మా వాడు అడిగాడు, మనకూ అలాంటి చేప ఉందా అని. పులస గురించి చెప్పాను. సముద్రంలో ఉన్నప్పుడు విలస అంటారు. వానాకాలంలో గోదావరికి ఎర్రనీరు రాగానే ఎదురీదుతూ ధవళేశ్వరం దాకా వస్తుంది, అప్పుడు పులస అవుతుంది. పుస్తెలమ్మి అయినా పులస తినాలంటారని చెబితే, పుస్తెలంటే ఏమిటని అడిగాడు. నా మెడలోవి చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మరి నేను విలసనా, పులసనా?" అన్నాడు. రోడ్డు చూస్తూ నడుపుతున్నాను. నాకు తెలిసిన జవాబు ఏదీ వాడికి సరిపోయేలా అనిపించలేదు. తాతయ్యను అడుగుదామన్నాను.

అడగలేదు. ఎందుకంటే ఆ రాత్రి ఫోనులో వేరే గొడవ వచ్చింది. గిహ్వా ఏట్లో మూరెడు ట్రౌట్‌ను పట్టి వదిలేశామని చెప్పగానే నాన్న గొంతు మారింది. ఆయన కడుపు కోసం గాలం వేసిన మనిషి. వాన రోజుల్లో నాలుగు జెల్లలు పడితేనే మా ఇంట్లో కూర. తినని చేపకు నొప్పి పెట్టడం దేనికన్నారు. అందులో న్యాయం ఉంది. ఇక్కడ యోల్మోగో అనే చేప ఉంది, చల్లటి నీటి జాతి. దాని దక్షిణపు కొస నివాసమైన బోంగ్హ్వా లోయను 1962లోనే సహజ స్మారకంగా ప్రకటించారు. దాన్ని పట్టకూడదు, పొరపాటున పడితే వదలాలి. అది నాకు పూర్తిగా సమ్మతం. కానీ పెంపకం చెరువు నుంచి తప్పించుకొచ్చిన ట్రౌట్‌ను పులుసు పెట్టుకుంటే తప్పేమీ లేదని నా అభిప్రాయం, మా వాడితోనూ అన్నాను. వాడు వినలేదు. తన కారణం తాతయ్యకు చెప్పమని కొరియన్‌లో నన్ను బతిమాలాడు.

నేను చెప్పలేదు. ఫోను వాడి చేతికిచ్చాను. వాడు నా వైపు చూసి, మాటలు వెతుక్కున్నాడు.

"తాతయ్యా, పరవళ్ళ కింద మడుగు ఉంది. అక్కడ సుడి. నేను సుడి పక్కన వేశాను. మొదటిసారి రాలేదు. రెండోసారి... ఒరవడితో వదిలాను, లాగలేదు. అప్పుడు వచ్చింది. అది నన్ను చూసింది తాతయ్యా. అందుకని వదిలాను."

అటు నుంచి చాలాసేపు చప్పుడు లేదు. లైను కట్ అయిందేమో అనుకున్నాను.

"ఏ ఈక కట్టావు?" అన్నారు నాన్న.

"డేగ, తాతయ్యా."