గాదెలో గింజలెన్ని, బయట చిట్టీలెన్ని: నెట్ ఎకనామిక్స్‌లో నా మూడో ప్రయత్నం

నిన్న సాయంత్రం యూజీసీ నెట్ రిజల్ట్ చూసుకున్నాను. ఎకనామిక్స్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత వచ్చింది. పరిశోధనకిచ్చే ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ కొద్దిలో పోయింది, కానీ బాధ లేదు. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లీషు పేపర్‌తో మూడుసార్లు తలపడినదాన్ని, నాకిదే చాలా పెద్ద విషయం. రాత్రంతా నిద్ర పట్టలేదు. తెల్లవారకముందే లేచి ఇది రాస్తున్నాను.

సిలబస్ మీకు తెలిసిందే. మైక్రో, మాక్రో, స్టాటిస్టిక్స్ అందరిలాగే చదివాను, పాత పేపర్లు చేశాను. నేను చెప్పాలనుకున్నది ఇంటర్నేషనల్ ఎకనామిక్స్ గురించి, అందులోనూ 1944 నుంచి 1973 దాకా ఉన్న ముప్ఫై ఏళ్ల గురించి. రెండో ప్రయత్నంలో నన్ను ముంచింది అదే, మూడోసారి ఒడ్డుకు చేర్చిందీ అదే.

నేను కొన్న కోచింగ్ మెటీరియల్‌లో ఈ భాగమంతా కలిపి ఒకటిన్నర పేజీ. ఇటు సంవత్సరం, అటు సంఘటన. 1944 బ్రెట్టన్ వుడ్స్ (ప్రపంచ కరెన్సీల ఏర్పాటు కోసం జరిగిన సమావేశం), 44 దేశాలు. 1947 గాట్ (దిగుమతి సుంకాలు తగ్గించుకునే ఒప్పందం), 23 దేశాలు. అలా మొత్తం బట్టీ పట్టేశాను. పరీక్షలో కాలక్రమం ప్రశ్న వచ్చింది: ఎస్‌డీఆర్‌లు, లండన్ గోల్డ్ పూల్, స్మిత్‌సోనియన్ ఒప్పందం, జమైకా ఒప్పందం. జమైకా చివరిదని తెలుసు. మిగతా మూడూ బుర్రలో కలిసిపోయాయి. చెమటలు పట్టాయి. గోల్డ్ పూల్‌ను ఎస్‌డీఆర్‌ల తర్వాత పెట్టాను. అసర్షన్-రీజన్ (వాక్యం, దాని కారణం సరిచూసే ప్రశ్న) ఒకటి, జతపరచడం ఒకటి కూడా ఇక్కడి నుంచే వచ్చాయి. మూడూ పోయాయి. అందులో రెండు సరిగ్గా పెట్టినా కటాఫ్ దాటేదాన్ని.

ఆ రిజల్ట్ వచ్చిన వారం ఊరికి వెళ్లాను. బాపు ఏమీ అనలేదు. రాత్రి అన్నం తిన్నాక మాత్రం, "ఏ ప్రశ్న తప్పినవ్ బిడ్డా?" అని అడిగాడు. ఏడో తరగతి చదివిన మనిషికి ఏం చెప్పాలా అనుకుంటూనే తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నడిచిన బ్రెట్టన్ వుడ్స్ ఏర్పాటులో అమెరికా మిగతా ప్రభుత్వాలకు మాటిచ్చింది: మీరు 35 డాలర్లు తెస్తే ఔన్సు బంగారం ఇస్తానని. ఆ నమ్మకంతో మిగతా దేశాలు తమ కరెన్సీ విలువను డాలర్‌తో కట్టేసుకున్నాయి, ఒక శాతం అటూ ఇటూగా. వ్యాపారం పెరిగేకొద్దీ అందరికీ డాలర్లు కావాలి. బాపు మధ్యలో ఆపాడు. "అంటే పెద్ద ఆసామి రాసిచ్చిన చిట్టీ ఊరంత నోటు లెక్క తిరుగుతుందన్నట్టు. మరి గాదెల గింజలెన్ని, బయట చిట్టీలెన్ని?"

1960లో రాబర్ట్ ట్రిఫిన్ అనే ఆర్థికవేత్త అడిగింది సరిగ్గా ఇదే. అమెరికా విదేశీ చెల్లింపుల్లో లోటుతో నడిస్తేనే డాలర్లు బయటికొస్తాయి. లోటు ఆపితే ప్రపంచ వ్యాపారానికి డబ్బు చాలదు, ఆపకపోతే డాలర్ మీద నమ్మకం పోతుంది. ట్రిఫిన్ డైలమా నిర్వచనం నాకు అక్షరం పొల్లుపోకుండా వచ్చు. అర్థమైంది మాత్రం ఆ రాత్రే.

మర్నాడు పొద్దున్నే కాగితం మీద రెండు గడులు గీశాను: చిల్లు (వచ్చిన ఇబ్బంది), అతుకు (దానికి చేసిన ఏర్పాటు). సంవత్సరం ఎక్కడా ముందు రాయలేదు. యుద్ధం అయిపోయేసరికి యూరప్ దగ్గర యంత్రాలు కొనడానికి డాలర్లు లేవు. ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) కోటాలు, అంటే ఒక్కో దేశం అందులో పెట్టే వాటాలు, ఆ అవసరానికి ఏ మూలకూ చాలవు. 1947 జులైలో బ్రిటన్ పౌండ్‌ను డాలర్లలోకి స్వేచ్ఛగా మార్చుకోనిచ్చింది, ఐదు వారాలకే ఆపేసింది. అదీ చిల్లు. అమెరికా సాయమైన మార్షల్ ప్లాన్ కింద నాలుగేళ్లలో వచ్చిన సుమారు 1,300 కోట్ల డాలర్లు, యూరప్ దేశాలు తమలో తాము బాకీలు తీర్చుకునే 1950 నాటి యూరోపియన్ పేమెంట్స్ యూనియన్ దాని అతుకులు. 1949 సెప్టెంబర్‌లో పౌండ్ 4.03 డాలర్ల నుంచి 2.80కి దిగింది, మన రూపాయి కూడా దాని వెంటే 30.5 శాతం దిగింది. 1958 చివరికి గానీ యూరప్ కరెన్సీలు మార్పిడికి సిద్ధం కాలేదు. అంటే బ్రెట్టన్ వుడ్స్ పుట్టిన పద్నాలుగేళ్లకు నిజంగా పనిచేయడం మొదలైంది. ఇది చాలామంది దాటేస్తారు.

వాణిజ్యంలోనూ అదే కథ. అంతర్జాతీయ వాణిజ్య సంస్థ (ఐటీఓ) పెట్టాలన్న హవానా చార్టర్‌కు అమెరికన్ కాంగ్రెస్ ఆమోదం దొరక్క ఆ సంస్థ పుట్టకుండానే పోయింది. తాత్కాలికంగా పెట్టుకున్న గాట్ 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) వచ్చేదాకా బండి లాగింది. గాట్ చర్చల్లో ఒకటైన కెనడీ రౌండ్‌లో పారిశ్రామిక సరుకుల మీద సుంకాలు సగటున 35 శాతం తగ్గాయి. 1950-73 మధ్య ప్రపంచ ఉత్పత్తి ఏటా సుమారు 5 శాతం పెరిగితే, ఎగుమతులు దాదాపు 8 శాతం పెరిగాయి. ఇంత వ్యాపారానికీ చిట్టీలు కావాలి కదా! ఇక్కడే గాట్, ఐఎంఎఫ్ ఒకే కథ అయిపోతాయి.

1960 అక్టోబర్‌లో లండన్‌లో ఔన్సు బంగారం 40 డాలర్లు తాకింది. దాన్ని 35 దగ్గర పట్టి ఉంచడానికి 1961లో కొన్ని దేశాలు తమ బంగారం కలిపి అమ్మే గోల్డ్ పూల్. 1967లో పౌండ్ మళ్లీ పడింది, జనం బంగారం మీద పడ్డారు, 1968 మార్చిలో పూల్ మూసేశారు. బంగారం చాలదని తేలాక ఐఎంఎఫ్ లెక్కల్లో, కాగితం మీదే నిల్వ సృష్టించారు. అదే ఎస్‌డీఆర్, ఐఎంఎఫ్ నిబంధనల 1969 సవరణ, 1970లో తొలి కేటాయింపు. అదీ చాలలేదు. 1971 ఆగస్టు 15న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ బంగారం కిటికీ మూసేశాడు, అంటే డాలర్లకు బంగారం ఇవ్వడం ఆపేశాడు. డిసెంబర్‌లో స్మిత్‌సోనియన్ ఒప్పందం: ఔన్సు బంగారం 38 డాలర్లు, కరెన్సీలకు అటూ ఇటూ 2.25 శాతం ఊగిసలాట. 1973 మార్చికి అదీ తెగింది, పెద్ద కరెన్సీల విలువను మార్కెట్‌కే వదిలేశారు. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా వరుస తప్పను, ఎందుకంటే ఏ అతుకూ దాని చిల్లు కంటే ముందు రాదు.

మన దేశం సంగతి విడిగా చదవండి. బ్రెట్టన్ వుడ్స్‌కు వెళ్లిన మన బృందంలో అప్పటి రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ సి.డి.దేశ్‌ముఖ్, తర్వాత స్వతంత్ర భారత తొలి ఆర్థిక మంత్రి అయిన షణ్ముఖం చెట్టి ఉన్నారు. సోవియట్ యూనియన్ చేరకపోవడంతో కోటాల్లో మనం తొలి ఐదు దేశాల్లోకి వచ్చాం.

నా టైమ్‌టేబుల్ ఏమిటని కొందరు అడుగుతున్నారు. పొద్దున నాలుగున్నర నుంచి ఏడున్నర, కాలేజీలో పాఠాలు చెప్పి వచ్చాక రాత్రి రెండు గంటలు. ఆదివారం జిల్లా గ్రంథాలయం. మా పిన్ని కూతురి పెళ్లికి వెళ్లలేదు. అందరూ తప్పు పట్టారు, ఇప్పటికీ పడుతున్నారు. పరీక్షకు పన్నెండు రోజులే ఉంది, పెళ్లికి వెళ్తే నాలుగు రోజులు పోయేవి. నేను చేసింది తప్పని అనుకోను. ఫోన్ అల్మారాలో పెట్టి తాళం అమ్మకిచ్చాను. మెటీరియల్ ఎన్ని కొన్నా, రోజూ ఒకే వేళకు కూర్చోలేనివాళ్లకు ఏ పద్ధతీ పనిచేయదు. ఇది నా చెల్లెళ్లకు చెప్పినట్టే మీకూ చెబుతున్నాను.

చివరగా ఒకటి. కరెన్సీల విలువను మార్కెట్‌కు వదలడాన్ని ఒప్పుకున్న జమైకా ఒప్పందం 1976 జనవరి, దాన్ని చట్టం చేసిన ఐఎంఎఫ్ నిబంధనల రెండో సవరణ అమల్లోకి వచ్చింది 1978 ఏప్రిల్. ఈ రెండు తేదీలూ కలపకండి. ఈసారి పరీక్ష గదిలో కూడా నేను ముందు రఫ్ కాగితం మీద ఆ రెండు గడులే గీసుకున్నాను.