పక్క మంచం మైథిలి

2006లో మేం తొమ్మిదో తరగతికి వచ్చిన కొన్నాళ్లకే డార్మిటరీలో నా పక్క మంచం ఖాళీ అయింది. ఆరో తరగతి నుంచి అక్కడ పడుకున్న నా స్నేహితురాలు మైగ్రేషన్ మీద బీహార్ వెళ్లింది. మన నవోదయ వాళ్లకు ఆ మాట కొత్త కాదు. ఈ సంచిక చదివే మన ఇళ్లవాళ్ల కోసం చెప్తున్నాను. తొమ్మిదో తరగతిలో నూటికి 30 మందిని ఏడాదిపాటు హిందీ రాష్ట్రాల నవోదయకు పంపి, అక్కడి పిల్లల్ని ఇక్కడికి తీసుకొస్తారు.

వారం తిరక్కుండానే ఆ మంచం మీదికి మిథిల నుంచి ఒక అమ్మాయి వచ్చింది. దర్భంగా దగ్గరి పల్లెటూరు. మేమంతా వాళ్లని "హిందీ వాళ్లు" అనేవాళ్లం. ఒక రాత్రి తను చెప్పింది, హిందీ తనకూ బళ్లోనే వచ్చిందట. ఇంట్లో మాట్లాడేది మైథిలి. 2003లో రాజ్యాంగ సవరణ చేసి మైథిలిని ఎనిమిదో షెడ్యూల్లో, అంటే రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితాలో, చేర్చారని కూడా చెప్పింది. అది చెప్తున్నప్పుడు తన గొంతులో ఉన్న గర్వం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

తను తెలుగు నేర్చుకునేటప్పుడు మేం నవ్వేవాళ్లం. "ళ" పలకలేక "ల" అన్న ప్రతిసారీ నవ్వాం. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఇది రాయడానికి సిగ్గుగా ఉన్నా రాస్తున్నాను, ఎందుకంటే తర్వాత జరిగిందానికి ఇదే మొదలు.

దీపావళి వెళ్లాక, మన నాగుల చవితి రోజు, తను పొద్దున్నే మంచం మీద కూర్చుని ఏడుస్తోంది. ఛఠ్ మొదలైందట. కార్తీక శుద్ధ చవితినాడు వాళ్ల అమ్మ స్నానం చేసి, ఆ ఒక్క పూట తిని వ్రతం పడుతుంది. షష్ఠి సాయంత్రం నడుంలోతు నీళ్లలో నిలబడి మునిగే సూర్యుడికి అర్ఘ్యం ఇస్తుంది, మర్నాడు ఉదయించే సూర్యుడికి ఇస్తుంది. పుట్టిన దగ్గర్నుంచి ఆ నాలుగు రోజులు అమ్మ పక్కన లేకుండా గడవడం తనకు అదే మొదటిసారి.

హౌస్ మేడమ్‌కి చెప్పాం. ఆవిడ మెస్‌లో మాట్లాడారు. గోధుమపిండి, బెల్లం, కొంచెం నెయ్యి దొరికాయి. ఠేకువా, అంటే ఛఠ్‌కి చేసే తీపి ప్రసాదం, చేయడానికి చెక్క అచ్చు కావాలి. అది లేదు కాబట్టి తను రావి ఆకుని పిండి మీద అదిమి ఈనెల గుర్తులు వేసింది. వంటాయన వేయించి పెట్టాడు. పళ్లు పెట్టడానికి వెదురుతో అల్లినది ఏదో కావాలని చేతులతో చూపించింది, పేరు మాకు అర్థం కాలేదు. చివరికి మెస్ వెనక బియ్యం చెరిగే చేట చూసి "ఇదే, ఇదే" అని గంతులేసింది. నీళ్ల ట్యాంకు పక్కన పడమటి వైపు తిరిగి నిలబడ్డాం. తను మైథిలిలో పాడింది. అందరం గట్టిగా చేతులు జోడించాం. ఎవరూ నవ్వలేదు.

ఏటా వార్షికోత్సవానికి రాష్ట్రానికొక డాన్స్ చొప్పున వేదిక ఎక్కేవాళ్లం. నాకూ ఆ డాన్సులంటే ఇష్టమే. కానీ నాలుగు నిమిషాల డాన్స్ చూసి ఎవరి ఇంటి సంగతీ నాకు తెలియలేదు. ఆ చేట వల్ల తెలిసింది.

సంక్రాంతి సెలవులకు ముందు డ్రాయింగ్ సార్ మూడు రోజుల వర్క్‌షాప్ పెట్టారు. మిథిల వాళ్ల మధుబని బొమ్మలు మొదట ఇళ్ల గోడల మీద ఉండేవనీ, 1966-67 కరువు రోజుల్లో అక్కడి ఆడవాళ్లకు నాలుగు డబ్బులు రావాలని కాగితాలు ఇచ్చి వేయించారనీ, వాళ్లలో జగదంబా దేవికి 1975లో పద్మశ్రీ వచ్చిందనీ చెప్పారు. రెండో రోజు కాగితాలు పక్కన పెట్టి నేల మీదికి దిగాం. మేం పొడి పిండితో చుక్కలు పెట్టాం. తను నానబెట్టి రుబ్బిన బియ్యపు పిండిలో వేళ్లు ముంచి అరిపన్, అంటే వాళ్ల ముగ్గు, వేసింది. చుక్కలు లేవు. తామరపువ్వు నేరుగా వేలి కొస నుంచి వచ్చేసింది.

మూడో రోజు, పల్నాడు తండా నుంచి వచ్చిన మా క్లాస్‌మేట్ ఇంటి నుంచి తెప్పించిన ఒక మూట విప్పింది. వాళ్ల నాయనమ్మ అద్దాలు కుట్టుకున్న లంగా. నాలుగేళ్లుగా ఒకే డార్మ్‌లో ఉన్నాం, తను ఇంట్లో లంబాడీల భాష గోర్ బోలీ మాట్లాడుతుందని మాలో ఎవరికీ తెలియదు. తీజ్‌కి పెళ్లికాని అమ్మాయిలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచుతారని ఆ రోజే చెప్పింది.

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదే అని అడిగాను.

"దాని 'ళ' విని మీరు నవ్వారు కదా. నా మాట వింటే ఏమంటారోనని" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఇద్దరి దగ్గరికీ వెళ్లి క్షమించమన్నాను. మిథిల అమ్మాయి నా చెయ్యి పట్టుకుని "కళ్లు" అని పలికి చూపించింది. తప్పు లేకుండా పలికింది.

ఏప్రిల్‌లో తను వెళ్లిపోయింది, నా స్నేహితురాలు తిరిగొచ్చింది. అక్కడ వాళ్లతో కలిసి సత్తు (వేయించిన శనగల పిండి) నీళ్లలో కలుపుకుని తాగానని, తన చేత గోంగూర పచ్చడి గురించి క్లాసులో చెప్పించారని కథలు కథలుగా చెప్పింది.

ఈసారి పూర్వ విద్యార్థుల కలయికకు మైగ్రేషన్ మీద వచ్చిన వాళ్లని కూడా పిలుద్దామని నేనే పట్టుబట్టాను. దర్భంగా నుంచి తను వస్తోంది. తండా స్నేహితురాలు ఆ లంగా తెస్తానంది. ముగ్గుపిండి నా బాధ్యత. మెస్‌లో పాత చేట ఇంకా ఉందేమో, ఊళ్లో ఉన్నవాళ్లు ఎవరైనా ఒకసారి వెళ్లి చూడండి.