తెలుసనుకున్న ప్రశ్నల దగ్గరే పోయింది

గ్రూప్‌-2కి చదువుతున్న మిత్రుల కోసం రాస్తున్నాను. 2024 ఫిబ్రవరి ప్రిలిమ్స్‌లో నేను గట్టెక్కలేదు. కీతో సరిచూసుకుంటే 150 ప్రశ్నల్లో 42 తప్పులు. అందులో 18 ఊహించి పెట్టినవి కావు, ఖాయంగా తెలుసనుకుని పెట్టినవి. ప్రతి తప్పుకు మూడో వంతు మార్కు కోత కదా, ఆ 18 మార్కులు రాకపోగా ఇంకో 6 పోయాయి.

ఆ 18 చూశాక, పరీక్షకు నెల ముందు విశాఖ ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో జరిగిన ఒక మాట గుర్తొచ్చింది. పక్క కుర్చీలో కూర్చునే తమ్ముడు, డిగ్రీ అప్పుడే అయింది, "అన్నా, రాజ్యాంగ సవరణ బిల్లుకి ఉమ్మడి సమావేశం ఉండదు కదా?" అన్నాడు. ఉమ్మడి సమావేశమంటే, ఒక బిల్లు మీద లోక్‌సభ, రాజ్యసభలకు పడకపోతే రెండూ కలిసి కూర్చుని ఓటేయడం. నేను ఉంటుందన్నాను. 108వ అధికరణ చూపించి, మినహాయింపు ద్రవ్య బిల్లుకే ఉందన్నాను. 1961 వరకట్న బిల్లు, 1978 బ్యాంకింగ్ బిల్లు, 2002 పోటా (ఉగ్రవాద నిరోధక) బిల్లు, ఉమ్మడి సమావేశాలు జరిగిన మూడు సందర్భాలూ గడగడా చెప్పేశాను. అతను రాజ్యాంగ సవరణ ఎలా చేయాలో చెప్పే 368వ అధికరణ చూడమన్నాడు. పాలిటీ మూడుసార్లు తిప్పినవాడిని, నువ్వు చెప్పాలా అనిపించింది. పుస్తకం మూసి మద్దిలపాలెం రూమ్‌కి వెళ్లిపోయాను.

ఫలితం వచ్చిన రాత్రి 368 తీశాను. సవరణ బిల్లు ప్రతి సభలోనూ విడిగా నెగ్గాలి: మొత్తం సభ్యుల్లో మెజారిటీ, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండొంతులు. ఇక ఉమ్మడి సమావేశానికి చోటెక్కడ? నేను చూపించిన 108లో సవరణ బిల్లు మాట లేకపోవడం నిజమే. కానీ జవాబు ఇంకో అధికరణలో ఉంది. అతను చెప్పింది అదే, నేను వినలేదు. చాలా బాధేసింది. మర్నాడు వెళ్లి, తప్పు నాదని చెప్పాను. "పర్లేదన్నా, టీ తాగుదాం" అన్నాడు.

ఇప్పుడు ఇద్దరం ప్రతి ఆదివారం ఒక మాక్ టెస్ట్ రాసి పేపర్లు మార్చుకుని దిద్దుకుంటున్నాం. తప్పుల నోట్‌బుక్‌లో తెలియనివి ఒకవైపు, తెలుసనుకున్నవి ఒకవైపు. తెలియనివి రివిజన్‌తో తగ్గుతాయి, వాటికి టెన్షన్ పడకండి. రెండో వైపువి మనంతట మనకు కనిపించవు, అందుకే ఇంకొకరు దిద్దాలి. ఎదుటివాళ్లు కాదంటే ముందు "ఎక్కడుంది?" అని అడిగి, ఆ పేజీ ఇద్దరం కలిసి చదువుతాం. మొదట్లో నాకు చాలా కష్టమైంది, చిన్నవాడి ముందు ఒప్పుకోవడం. పోయిన వారం నా రెండో వైపు ఏడు వచ్చాయి. అందులో మూడు ఎకానమీవే, ఈ ఆదివారం వాటి మీదే కూర్చుంటున్నాం.